ఆర్‌ఆర్‌ఆర్‌లో స్కాట్ దొరగా చేసిన రే స్టీవెన్‌సన్ అంతకుముందు ఏం చేసేవారు? ఆయన నటన చూడాలంటే ఏది చూడాలి?

2022 మార్చిలో ఆర్‌ఆర్‌ఆర్‌కి వెళ్లినప్పుడు స్కాట్ దొర తెర మీద కనపడగానే "అరే, మన పుల్లో!" అని పైకే అనేశాను. పక్క సీటాయన నన్ను ఎగాదిగా చూశాడు. అంతమంది తిట్టుకుంటున్న దొరని చూసి ఒకడు సంబరపడిపోతుంటే ఎవరైనా అలాగే చూస్తారు మరి.

పుల్లో అంటే 2005లో మొదలైన 'రోమ్' సీరియల్‌లో టైటస్ పుల్లో. సీజర్ సైన్యంలో పదమూడో దళం సిపాయి, తాగుబోతు, తలపొగరు, ఫ్రెండ్ కోసం ప్రాణమిచ్చే రకం. అమీర్‌పేట హాస్టల్లో ఉండగా రూమ్మేట్ హార్డ్ డిస్క్‌లో దొరికింది, కోచింగ్ ఎగ్గొట్టి మరీ 22 ఎపిసోడ్లూ చూసేశాం. అందులో ఒక సీన్ ఇప్పటికీ అప్పుడప్పుడూ పెట్టుకుని చూస్తుంటాను. పుల్లోకి మరణశిక్ష పడి గ్లాడియేటర్ల మధ్యకి తోస్తారు. కత్తి పట్టనంటాడు, నేల మీద చతికిలబడి కూర్చుంటాడు, వాళ్లు ఎంత ఎగతాళి చేసినా ఉలుకూ పలుకూ ఉండదు. కానీ వాళ్లలో ఒకడు నోరు జారి పదమూడో దళాన్ని తిడతాడు. అంతే, లేస్తాడు. ఆ లేవడానికి ముందు ముఖంలో వచ్చే మార్పు ఉంది చూశారూ, అదీ స్టీవెన్‌సన్ అంటే. అప్పటిదాకా చావుకి సిద్ధపడి కూర్చున్న మనిషి కళ్లలోకి మళ్లీ ప్రాణం రావడం కనపడుతుంది.

ఇంతకీ ఈయన చిన్నప్పటి నుంచీ నటుడేం కాదు. 1964లో ఉత్తర ఐర్లండ్‌లోని లిస్‌బర్న్‌లో పుట్టి, ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ వైపు పెరిగి, లండన్‌లో ఇంటీరియర్ డిజైనర్‌గా ఉద్యోగం చేసుకునేవారు. అక్కడ ఒక నాటకంలో అమెరికన్ నటుడు జాన్ మాల్కోవిచ్‌ని చూశాక మనసు మారి, బ్రిస్టల్ ఓల్డ్ విక్ థియేటర్ స్కూల్లో చేరి, 29 ఏళ్లకి కోర్సు పూర్తి చేశారు. మనింట్లో అయితే ఆ వయసులో ఉద్యోగం మానేస్తానంటే ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు.

స్టేజీ మీద ఆయన చేసిన వాటిలో నాకు ఆసక్తిగా అనిపించేది 2000లో యార్క్ మిన్‌స్టర్ చర్చి లోపల వేసిన మిస్టరీ నాటకాలు. మధ్యయుగం నుంచి వస్తున్న బైబిల్ కథలవి, ఎక్కువ పాత్రలు ఊరి జనమే వేస్తారు. అందులో ఆయన క్రీస్తు. స్కాట్ దొర, క్రీస్తు ఒకే మనిషి అంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. 2003లో నేషనల్ థియేటర్‌లో 'డచెస్ ఆఫ్ మాల్ఫీ'లో కూడా చేశారు.

సినిమాల్లో మాత్రం అదృష్టం అంతంతమాత్రమే. 2008లో 'పనిషర్: వార్ జోన్'లో హీరోగా చేస్తే అది ఆడలేదు. 'థోర్' సినిమాల్లో హీరో ఫ్రెండ్ వోల్‌స్టాగ్ పాత్ర వచ్చింది గానీ మూడో దాంట్లో కనపడీ కనపడగానే చంపేశారు. 2012లో 'డెక్స్‌టర్' ఏడో సీజన్ మాత్రం వదలొద్దు. ప్రేమించిన వాడిని చంపినందుకు పగ తీర్చుకోవడానికి వచ్చిన ఉక్రెయిన్ గ్యాంగ్‌స్టర్‌గా చేశారు, విలన్ అని తెలిసినా జాలేస్తుంది.

ఇక ఆర్‌ఆర్‌ఆర్ సంగతి. తూటా ఖరీదు చెప్పి, దాన్ని మల్లి తల్లి మీద దండగ చేయొద్దనే ఆ మొదటి సీన్‌లో గొంతు పెంచరు, అందుకే అంత ఒళ్లు మండుతుంది. కానీ నా మటుకు నాకు, ఆయనలో ఉన్న సగాన్నే మనవాళ్లు వాడుకున్నారు. ఆయన అసలు బలం నవ్వు, కండల వెనకాల ఉండే ఆ పసితనం. క్రూరుడైన దొర పాత్రలో దానికి చోటెక్కడిది? అయినా 56 ఏళ్ల వయసులో ఒక కష్టమైన స్టంట్ వెనకాడకుండా చేశారని సినిమా టీమే తర్వాత చెప్పింది.

అలా చెప్పింది ఆయన పోయారన్న వార్త వచ్చాక. 2023 మే 21న ఇటలీలో పోయారు, ఇంకో నాలుగు రోజులైతే 59 నిండేవి. ఆ ఆగస్టులో స్టార్ వార్స్ కథల్లోని 'అసోకా' సిరీస్ వచ్చింది. అందులో బేలన్ స్కాల్‌గా చాలా నిదానంగా, బరువుగా చేశారు.

మీరు మాత్రం 'రోమ్'తోనే మొదలుపెట్టండి. నేను చెప్పిన సీన్ మొదటి సీజన్ పదకొండో ఎపిసోడ్‌లో వస్తుంది, కానీ ముందువి చూడకుండా అక్కడికి దూకితే పస ఉండదు. ఇంకో మాట, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు పొరపాటున కూడా పెట్టకండి.