పెరటి ప్రశ్నలు: ఈసారికి ఒక్క బోన్సాయ్ చాలు

ప్రశ్న: మాది రాయగడ. రెండో అంతస్తులో ఉంటున్నాం, ఎండ వచ్చేది తూర్పు కిటికీ ఒక్కదాన్నుంచే. రెండేళ్లలో, తొట్టిలో పొట్టి చెట్లుగా పెంచే రెండు బోన్సాయ్‌లు పోయాయి. మొదటిది పార్సిల్‌లో తెప్పించిన జూనిపర్. నెలన్నర పచ్చగా ఉండి, ఉన్నట్టుండి ఎండిపోయింది. రెండోది మర్రి జాతి ఫైకస్. రోజూ పొద్దున్నే అర గ్లాసు నీళ్లు పోసేదాన్ని, కింద పళ్లెం కూడా పెట్టాను. ఆకులు పసుపెక్కి రాలిపోయాయి. పీకి చూస్తే వేళ్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. మళ్లీ ఒక్క చెట్టుతో మొదలుపెడదామని ఉంది. ఏది కొనమంటారు?

జవాబు: మళ్లీ ఫైకస్సే కొనండమ్మా. జూనిపర్ మాత్రం వద్దు. దానికి ఆరుబయటి ఎండ, చలికాలపు విశ్రాంతి కావాలి. గదిలో పెడితే బతకదు, పైగా ప్రాణం పోయాక కూడా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. మీరు చూసిన ఆ నెలన్నర పచ్చదనంలో సగం రోజులు చచ్చిన చెట్టుదే అయ్యుంటుంది. నిజానికి ఇంట్లో పుట్టి పెరిగే చెట్టంటూ ఏదీ లేదు. తక్కువ వెలుతురుకు కొన్ని ఓర్చుకుంటాయి, అంతే. మర్రి, రావి కుటుంబానికి చెందిన చిన్నాకుల ఫైకస్ అలా ఓర్చుకునే రకం.

ఇక మీ ఫైకస్ ఎందుకు పోయిందో చూద్దాం. అంట్లు తోమే స్పాంజిని నీళ్లలో ముంచి, అరచేతి మీద అడ్డంగా పెట్టుకోండి. కారడం ఆగాక నిలువుగా తిప్పండి. మళ్లీ బొటబొటా కారుతుంది. స్పాంజి మారలేదు, నీళ్లు మారలేదు, ఎత్తు ఒక్కటే మారింది. ఏ కుండీలోనైనా అడుగున కొంతమేర తడి అలాగే నిలిచిపోతుంది. లోతు కుండీలో పైవేళ్లకు ఆ బాధ తగలదు. బోన్సాయ్ తొట్టి మొత్తం లోతే రెండు, రెండున్నర అంగుళాలు కాబట్టి వేళ్లన్నీ ఆ తడిలోనే ఉంటాయి. మట్టి సన్నదై, కింద పళ్లెంలో నీళ్లు కూడా నిలిస్తే వేళ్లకు గాలి ఆడదు. తర్వాత కుళ్లే.

అందుకే తొట్టిలో తోట మట్టి వేయకూడదు. 8 అంగుళాల తొట్టికి 5 గ్లాసుల ఇటుక ముక్కలు, 2 గ్లాసుల ముతక ఇసుక, 2 గ్లాసుల వర్మికంపోస్టు సరిపోతాయి. ముక్కలు పెసరగింజకు తగ్గకుండా, శనగగింజకు మించకుండా ఉండాలి. అంతకన్నా సన్నగా రాలే పొడి మొత్తం పారేయండి, పాడుచేసేది అదే. నాగావళి ఇసుకైనా సరే, జల్లించి కడగకుండా వేయొద్దు. ఇటుక బాగా కాలిందై ఉండాలి. ఒక ముక్కను రాత్రంతా నానబెట్టి వేళ్లతో నలపండి, మెత్తబడితే ఆ ఇటుక పనికిరాదు.

నర్సరీలో కొనేటప్పుడు కొమ్మల వంపులు చూసి మురిసిపోవద్దు, మొదలు చూడండి. బొటనవేలంత లావుండి, వేళ్లు నాలుగు వైపులా పాకినది ఎంచుకోండి. తేగానే తొట్టి మార్చకండి. జూన్ రెండో సగంలో వానలు పడ్డాక మార్చితే వేళ్లు త్వరగా పట్టుకుంటాయి. వేళ్లకు పట్టి ఉన్న నర్సరీ కొబ్బరి పొట్టును పుల్లతో విడదీసి, మూడో వంతుకు మించకుండా వేళ్లు కత్తిరించండి. తొట్టి కన్నాల మీద దోమతెర ముక్క పరిచి, వాటిలోంచి సన్నతీగ దూర్చి చెట్టును కదలకుండా కట్టండి. చెట్టు ఊగితే కొత్తగా వచ్చే పీచువేళ్లు తెగిపోతాయి. మిశ్రమం పోస్తూ పుల్లతో కూరుతూ పోవాలి. అడుగునుంచి తేటనీళ్లు వచ్చేదాకా తడిపి, మూడు వారాలు ఎండ పొడ తగలకుండా ఉంచండి. ఎరువు నెలన్నర దాకా వద్దు. తర్వాత 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండి నీళ్లలో కరిగే ఎరువు) లీటరు నీళ్లకు 1 గ్రాము చొప్పున, తడిసిన తొట్టిలోనే, పదిహేను రోజులకోసారి చాలు.

నీళ్లకు గడియారం చూడొద్దు. వెదురు పుల్లను తొట్టిలో అంగుళం లోతు గుచ్చి, పది నిమిషాలాగి తీయండి. తడిగా, ముదురు రంగులో వస్తే ఆ రోజుకు మానేయండి. కాస్త చెమ్మగా మాత్రమే ఉంటే, తొట్టిని సింకులో పెట్టి అడుగునుంచి కారేదాకా రెండుసార్లు పోసి, నిమిషం సేపు ఓ పక్కకు వంచి ఉంచండి. స్పాంజిలాగే మిగిలిన నీళ్లు దిగిపోతాయి. అర గ్లాసు లెక్కలో పైమట్టి తడుస్తుంది, లోపలెక్కడో ఎండుతుంది, అడుగు మాత్రం ఊరుతూనే ఉంటుంది. పళ్లెం కావాలంటే గులకరాళ్లు పరిచి, వాటి మీద తొట్టి పెట్టండి.

చోటు, మీ తూర్పు కిటికీ గట్టు మీదే. గది మధ్య టీపాయ్ మీద మన కంటికి వెలుతురుగానే ఉంటుంది గానీ చెట్టుకు అది చీకటి. మొదటి ఏడాది తీగ చుట్టడం, వంచడం పెట్టుకోకండి. చిగురుకు ఆరేడు ఆకులు వచ్చాక రెండు మూడు ఉంచి కత్తిరించండి. కారే పాలు కొందరికి దురద పెడతాయి, తడిగుడ్డతో తుడిచేయండి.

ప్రశ్న: పర్లాకిమిడిలో ఫైకస్ బోన్సాయ్ కొని వారమైంది. రోజుకు పది ఆకులు రాలుతున్నాయి. నీళ్లు పెంచాలా?

జవాబు: పెంచితే చంపుకున్నట్టే. నర్సరీ వెలుతురు వేరు, మీ గది వేరు. ఫైకస్ పాత ఆకులు రాల్చి కొత్త చోటుకు సర్దుకుంటుంది. ఆకులు తగ్గితే అది తాగే నీళ్లు కూడా తగ్గుతాయి. కొమ్మ మీద గోటితో కాస్త గీకండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. చోటు మార్చకుండా నెలా నెలన్నర ఆగండి. ఆకుల అడుగున తెల్లటి దూదిలాంటిది కనిపిస్తే మాత్రం అది పిండినల్లి. లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కొంచెం కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి, వారం తర్వాత మరోసారి.

ప్రశ్న: మాది కొరాపుట్. చలికాలం రాత్రులు ఫైకస్‌ను ఎక్కడ పెట్టాలి?

జవాబు: మీది కొండ మీది ఊరు కదా, మైదానంలోని బెరంపురం వాళ్ల లెక్క మీకు సరిపడదు. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు కిటికీ అద్దానికి అడుగు దూరం జరిపి, పొద్దెక్కాక మళ్లీ గట్టు మీద పెట్టండి. చలికి ఎదుగుదల ఆగుతుంది కాబట్టి పుల్ల తడిగానే వస్తుంటుంది, వారంలో ఒకటి రెండుసార్లు నీళ్లు చాలవచ్చు. పొద్దున పదింటి తర్వాత, చల్లదనం తగ్గిన నీళ్లే పోయండి. ఎరువు, తొట్టి మార్పు రెండూ ఆ రెండు నెలలు మానేయండి.