గాదెలోకి ఎప్పుడు తొంగిచూశావు?

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మట్టిలో ఉండే బ్యాక్టీరియా కొవ్వు దాచుకుంటుందనీ, ఆ కొవ్వుకీ మనం మింగే యాంటీబయాటిక్స్‌కీ లంకె ఉందనీ తెలుగులో రాయాలన్న ఆలోచనే నాకు నచ్చింది. కానీ మొదటి పేజీ అంతా ‘సూక్ష్మజీవులు మానవాళికి మిత్రులు’ అనడంతోనే సరిపోయింది. దాన్ని కొట్టెయ్. తొలకరి పడగానే వచ్చే మట్టి వాసనతో మొదలుపెట్టు. ఆ వాసన జియోస్మిన్ అనే పదార్థానిది. దాన్ని తయారుచేసేవాటిలో ముఖ్యమైనవి నీ వ్యాసంలోని మట్టి బ్యాక్టీరియా, స్ట్రెప్టోమైసిస్‌లే. పాఠకుడికి వాటి పేరు తెలీకపోవచ్చు గానీ, ముక్కుకి మాత్రం పాత పరిచయమే.

‘లిపిడ్ నిల్వలు’ అన్న మాట పేజీకి నాలుగుసార్లు కనిపించింది. ట్రైగ్లిజరైడ్లు అని రాయి. రక్తపరీక్ష రిపోర్టు చూసుకుని టెన్షన్ పడే ఇంట్లో ఆ మాట తెలియనివాళ్లుండరు. చాలా బ్యాక్టీరియాలు వేరే రకం సరుకు దాచుకుంటాయి. స్ట్రెప్టోమైసిస్‌దీ దాని దగ్గరి చుట్టాలదీ మాత్రం మన అలవాటే. కణం లోపల చిన్న చిన్న కొవ్వు బొట్లుగా దాస్తాయి.

ఇక అసలు సంగతి. ‘కొవ్వు కరిగితే యాంటీబయాటిక్ వస్తుంది’ అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అంత తేలిగ్గా తేలేది కాదమ్మా ఇది. పాఠకుడి ముందు రెండు గాజు పళ్లేలు పక్కపక్కన పెట్టు. ఒకదాంట్లో స్ట్రెప్టోమైసిస్ సీలికలర్. తెల్లటి నూగులా పెరిగి, బూడిద రంగుకి తిరుగుతుంది. అడుగునున్న జెల్లీలోకి సిరా ఒలికినట్టు నీలం దిగుతుంది. ఆ నీలమే యాక్టినోరోడిన్ అనే యాంటీబయాటిక్. దానిమీద కాస్త ఆమ్లం పోస్తే ఎర్రబడుతుంది, మన లిట్మస్ కాగితంలాగే. రెండో పళ్లెంలో దాని చుట్టం లివిడాన్స్. ఆ నీలం తయారుచేసే జన్యువులు దీనికీ ఉన్నాయి, అయినా మామూలుగా రంగు రాదు. లోపల కొవ్వు మాత్రం సీలికలర్ కంటే ఎక్కువ.

కొవ్వుకీ యాంటీబయాటిక్‌కీ ఉన్న లంకె వివరించడానికి నువ్వు ‘పిండి ఒకటే, దోసెలకి వాడేస్తే ఇడ్లీలకి మిగలదు’ అన్నావు. బాగుంది. కొవ్వుకీ యాక్టినోరోడిన్‌కీ ముడిసరుకు కణంలో ఉండే అసిటైల్ కోఎ అనే పదార్థమే కాబట్టి పోలిక అతుకుతుంది కూడా. కానీ సగమే అతుకుతుంది. ఆ అసిటైల్ కోఎ పిండి మాత్రమే కాదు, పొయ్యిలో కట్టె కూడా. కణం దాన్ని కాల్చి శక్తి తీసుకుంటుంది. సీలికలర్ ఎక్కువ కాలుస్తుంది, లివిడాన్స్ ఎక్కువ దాస్తుంది అని ఫ్రాన్స్‌లో మారీ జోయెల్ విరోల్ బృందం చూపింది. కట్టె సంగతి వదిలేస్తే నీ పోలిక కుంటుతుంది.

ఈ లెక్కన కొవ్వూ యాంటీబయాటిక్కూ ఎడమొహం పెడమొహం అనిపిస్తుంది కదా? 2020లో చైనా శాస్త్రవేత్తలు ఇంకో మాట చెప్పారు. బ్యాక్టీరియా ఎదిగే రోజుల్లో కొవ్వు పోగేస్తుంది, ఎదుగుదల ఆగాక దాన్ని విరగ్గొట్టి పాలికీటైడ్ అనే జాతి మందుల తయారీకి పెడుతుంది. ఆ విరగ్గొట్టే వేగాన్ని తాము అదుపు చేస్తే దిగుబడి పెరుగుతుందని కూడా నిరూపించారు. 1,80,000 లీటర్ల ట్యాంకులో అవర్‌మెక్టిన్ అనే పాలికీటైడ్ 50 శాతం పెరిగి లీటరుకి 9.31 గ్రాములకు చేరింది. (ఐవర్‌మెక్టిన్ మాత్ర ఈ అవర్‌మెక్టిన్ నుంచి వచ్చిందే.)

నువ్వు రెండో పరిశోధన రాసి మొదటిది దాచావు. కథ చెడుతుందని భయపడ్డట్టున్నావు. అసలు కథంతా అక్కడే ఉంది. ఫ్రాన్స్ వాళ్లు రెండు ఇళ్ల గాదెలు పోల్చారు. చైనా వాళ్లు ఒకే ఇంటి గాదెని కోతల నాడూ చూశారు, ఆ తర్వాతా చూశారు. గాదె ఖాళీగా కనిపిస్తే అసలు నింపలేదనీ అనుకోవచ్చు, నింపి తినేశారనీ అనుకోవచ్చు. అందుకే కొవ్వు ఎంతుందో రాసిన ప్రతిచోటా ఏ జాతిలో, పెరుగుదల ఏ దశలో అన్నది కూడా రాయి. వాక్యం కొంచెం బరువెక్కుతుంది, ఎక్కనీ.

సుబ్బారావు గారి పేరా దగ్గర నాకు నవ్వొచ్చింది. నేనూ ఒకప్పుడు అచ్చం అలాగే, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ని భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే కనిపెట్టారని రాశాను. వారం తిరక్కుండా ఒక పాఠకుడి కార్డు వచ్చింది. మిస్సోరి గడ్డి పొలం మట్టిలోంచి వచ్చిన స్ట్రెప్టోమైసిస్‌లో దాన్ని పట్టుకున్నది డగ్గర్ అనే శాస్త్రవేత్త అనీ, ఆయన పనిచేసిన అమెరికా మందుల కంపెనీ లెడర్లేలో పరిశోధనలన్నిటికీ పెద్ద సుబ్బారావు గారనీ. ఆ కార్డు ఇప్పటికీ నా డ్రాయరులో ఉంది. 1948లో లోకానికి తెలిసిన ఆ మందు కూడా పాలికీటైడే కాబట్టి ఆయన పేరు నీ వ్యాసంలో ఉండొచ్చు, ఆయన చేసిన పని మేరకు.

బొమ్మ వేయిస్తే మాత్రల షీటుది వద్దు, ఆ నీలం మరకది వేయించు. తిరగరాసి పదిహేను రోజుల్లో పంపు. కళ్లద్దాలు మార్పించుకున్నాను, చేతిరాతైనా ఫర్వాలేదు.

ఉంటాను.