చూపు పోయింది, డిగ్రీ మానేయాలా? ముందు ఫోన్ చేతికివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం. నాలుగు నెలల కిందట చూపు పూర్తిగా పోయింది. ఫోన్ ముట్టుకోవడం లేదు. ఎవరితో మాట్లాడాలన్నా మేమే కలిపి ఇస్తున్నాం. చదువు మాన్పించడమే మేలా?

జవాబు: మాన్పించకండి. అసలు ఆ నిర్ణయానికి ఇది సమయం కాదు. ముందు ఫోన్ నేర్పండి. నోట్సు వినాలన్నా, స్నేహితులతో మాట్లాడాలన్నా, రేపు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా దారి దాని మీదుగానే. కొత్తది కొనక్కర్లేదు. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చాలా ఫోన్లలో ముందే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో దాని పేరు టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్. రెండూ సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీ కింద దొరుకుతాయి.

ఆమె చేతికి ఇచ్చే ముందు మీరు చేయాల్సిన పనులు కొన్నున్నాయి. ఆటో రొటేట్ ఆపేయండి. తెర అడ్డం తిరిగితే గుర్తుపెట్టుకున్న చోట్లన్నీ మారిపోతాయి. హోమ్ స్క్రీన్ ఖాళీ చేసి కింది వరుసలో నాలుగు యాప్‌లే ఉంచండి. తెలుగు చదివే గొంతు (వాయిస్) డౌన్‌లోడ్ చేయండి, లేకపోతే తెలుగు మెసేజ్‌లు వినపడకపోవచ్చు. మాట వేగం తగ్గించి పెట్టండి. రెండు వాల్యూమ్ బటన్లూ 3 సెకన్లు నొక్కి పట్టుకుంటే టాక్‌బ్యాక్ ఆన్, ఆఫ్ అయ్యేలా షార్ట్‌కట్ పెట్టండి.

మొదటి వారం మూడే పనులు. వేలిని తెర మీద మెల్లగా జరిపితే దాని కింద ఏముందో పలుకుతుంది. కుడికి చురుగ్గా స్వైప్ చేస్తే తర్వాతి దానికి, ఎడమకు చేస్తే వెనకటి దానికి వెళ్తుంది. కావలసింది పలికాక వెంటవెంటనే రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. ఆ తట్టడం ఐకాన్ మీదే పడక్కర్లేదు, తెర మీద ఎక్కడైనా సరే. ఈ ఒక్కమాట ఎవరూ చెప్పక చాలామంది ఐకాన్‌ను మళ్లీ వెతుక్కుంటూ విసిగిపోతారు.

తప్పులు ఎక్కువగా స్వైప్ దగ్గరే వస్తాయి. నిదానంగా చేస్తే ఫోన్ దాన్ని వెతుకులాట అనుకుని, వేలి కింద తగిలినదల్లా చదివేస్తుంది. అగ్గిపుల్ల గీసినట్టు పొట్టిగా, చురుగ్గా ఉండాలి. పట్టుకున్న చేతి బొటనవేలు తెర అంచుకు ఆనుతోందేమో కూడా చూడండి. ఆనితే ఫోన్ రెండు వేళ్ల సైగ అనుకుంటుంది. అందుకే మొదట్లో ఫోన్‌ను బల్ల మీద, ఛార్జింగ్ పెట్టే వైపు ఆమెకేసి ఉండేలా పెట్టి నేర్పడం మంచిది.

ఆమె చేయి పట్టుకుని వేలు కదపకండి. 'అక్కడ, ఇంకొంచెం పైన' అనకండి. 'కింది వరుస, ఎడమ నుంచి రెండోది' అనండి, ఆమెనే వెతకనివ్వండి. ముందు మీరు కళ్లు మూసుకుని ఒక ఫోన్ కాల్ చేసి చూడండి, అప్పుడు ఆమె ఎక్కడ ఆగిపోతోందో మీకే తెలుస్తుంది. రోజుకు రెండుసార్లు, ఇరవై నిమిషాలు చాలు. కాల్ ఎత్తడానికి, పెట్టేయడానికి రెండు వేళ్లతో రెండుసార్లు తట్టడం నేర్పండి. ఐఫోన్‌లోనూ, కొత్త టాక్‌బ్యాక్‌లోనూ అది పనిచేస్తుంది. ఎవరో కలిపి ఇవ్వకుండా తన కాల్ తానే ఎత్తిన రోజు ఆమెకు చాలా పెద్ద రోజు.

టైపింగ్ రెండో వారంలో. ఆండ్రాయిడ్‌లో మామూలుగా వేలిని కీబోర్డు మీద జరుపుతూ, కావలసిన అక్షరం పలకగానే వేలెత్తితే అది పడుతుంది. నోటితో చెప్పి టైప్ చేయించడం తేలికే కానీ దాని మీదే ఆధారపడనివ్వకండి. పాస్‌వర్డ్‌లు నలుగురిలో పైకి చదవలేం కదా. అలాంటి చోట ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకోమనండి, రెండో చెవి చుట్టుపక్కల శబ్దాలకు ఉండాలి.

ఫోన్ చేతికి అలవాటయ్యాక కంప్యూటర్. విండోస్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. మౌస్ వద్దు, అంతా కీబోర్డే. బీకాం అమ్మాయి కాబట్టి ఎక్సెల్‌తో మొదలుపెట్టించండి. బాణం కీ నొక్కుతూ పోతే గడిలో ఉన్న అంకె, ఆ గడి పేరు వినిపిస్తాయి. లెక్కల పని చూపు లేకుండా చేయలేనిది కాదు.

కాలేజీతో ఈ వారమే మాట్లాడండి. నోట్సు వర్డ్ ఫైళ్లుగా అడగండి. పేజీలు ఫొటో తీసి చేసిన పీడీఎఫ్‌లో స్క్రీన్ రీడర్‌కు కనిపించేది బొమ్మే, అక్షరాలు కావు. అలాంటివే ఇస్తే, బొమ్మలోని రాతను గుర్తుపట్టే ఓసీఆర్ యాప్‌తో అక్షరాలుగా మార్చుకోవచ్చు. కానీ పట్టికల్లో అంకెలు చెదిరిపోతుంటాయి, వాటిని ఎవరైనా ఒకసారి సరిచూసి ఇవ్వాలి.