‘మగవాళ్లకూ చేయాలా?’ అంటున్నారు మావారు

ప్రశ్న: మాది కాకినాడ. నాకు 27 ఏళ్లు, ఇంటర్ చదివాను. ఐదేళ్లుగా బ్యూటీ పార్లర్‌లో చేస్తున్నాను. మసాజ్, ఒంటి సంరక్షణ చేసే స్పా థెరపిస్ట్ కోర్సు చేయాలని ఉంది. ఒక సంస్థవాళ్లు ఆరు వారాలకు 90 వేలు అడుగుతున్నారు, అయ్యాక దుబాయ్‌లో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. స్పా మాట ఎత్తితే చాలు, మా అత్తగారు పేపర్లో వచ్చే రైడ్ల వార్తలు చదివి వినిపిస్తారు. మావారు కాదనరు, అవుననరు. ‘మగవాళ్లకూ చేయాలా?’ అని మాత్రం అడుగుతుంటారు. ఏం చెప్పాలో తెలియడం లేదు. పైగా బ్లీచులు, షాంపూలతో నా వేళ్ల మధ్య చర్మం తరచూ పగులుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీవారు అనుమానిస్తున్నారని బాధపడకండి. రేపు ఉద్యోగం ఇచ్చేవాళ్లను మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా అదే. జవాబు చోటును బట్టి మారుతుంది. ఆయుర్వేద కేంద్రాల్లో అభ్యంగం (ఒంటికి నూనె మర్దన) లాంటివి మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లే చేయడం పద్ధతి. కేరళ పర్యాటక శాఖ అక్కడి ఆయుర్వేద కేంద్రాలకు గుర్తింపు ఇవ్వడానికి దీన్ని షరతుగానే పెట్టింది. ఆడవాళ్లకు మాత్రమే నడిపే స్పాలూ ఉన్నాయి. హోటళ్లు, రిసార్టుల్లో మాత్రం ఒక్కోచోట ఒక్కో తీరు, కొన్నిచోట్ల ఇద్దరికీ చేయాల్సిందే. కాబట్టి చేరకముందే అడిగి ఆఫర్ లెటర్లో రాయించుకోండి. ‘అప్పుడు చూద్దాంలే’ అన్నారంటే చేయాలనే అర్థం.

అత్తగారి భయాన్నీ కొట్టిపారేయకండి. ఆ బోర్డు పెట్టుకుని తప్పుడు పనులు చేసేవాళ్లు ఉన్నారు మరి. కాకపోతే తేడా గుమ్మంలోనే తెలిసిపోతుంది. మీవారిని వెంటబెట్టుకుని ఒక మంచి స్పాకు వెళ్లి చూడండి. ధరల పట్టికలో ట్రీట్‌మెంట్ పేరు, నిమిషాలు ఉన్నాయా, బిల్లు ఇస్తున్నారా, మొదలుపెట్టే ముందు ఆరోగ్యం గురించి ఫారం నింపిస్తున్నారా, గది తలుపుకు లోపల గడియ ఉందా? గడియ ఉంటే వెనక్కి వచ్చేయండి.

ఇంట్లో వాళ్లకు ఎక్కువగా తెలియనిది డ్రేపింగ్, అంటే మసాజ్ చేసే భాగం తప్ప మిగతా ఒళ్లంతా దుప్పటితో కప్పి ఉంచడం. అది మంచం మీద దుప్పటి వేసి చూపించండి, మాటల కంటే బాగా పనిచేస్తుంది. క్లయింట్ బట్టలు మార్చుకుని దుప్పటి కింద పడుకునేదాకా థెరపిస్ట్ గది బయటే ఉంటుంది. తలుపు తట్టి, రమ్మన్నాకే లోపలికి వస్తుంది. ఎడమ కాలికి చేయాలంటే ఆ ఒక్క కాలే బయటికి తీసి, దుప్పటి అంచును తొడ కిందికి దోపుతుంది. అది కప్పాకే కుడికాలు. క్లయింట్ బోర్లా నుంచి వెల్లకిలా తిరిగేటప్పుడు దుప్పటిని అడ్డంగా ఎత్తి పట్టుకుని, తను మొహం పక్కకు తిప్పుకుంటుంది. ఇది మొదటి వారంలోనే నేర్పని చోట 90 వేలు కాదు, 9 వేలు కూడా కట్టక్కర్లేదు.

ఎవరైనా హద్దు దాటితే సంజాయిషీలు, వాదనలు వద్దు. చేతులు తీసేసి ఒక అడుగు వెనక్కి వేసి, ‘సెషన్ ఇక్కడితో ఆపేస్తున్నాను’ అని బయటికి వచ్చేయడమే. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013 చట్టం క్లయింట్ల మీద ఫిర్యాదుకూ వర్తిస్తుంది. 10 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువైతే జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లొచ్చు.

ఇక కోర్సు. ఎన్ని వారాలని కాదు, ప్రాక్టికల్ టేబుళ్లు ఎన్ని, బ్యాచ్‌లో ఎంతమంది అని అడగండి. రెండు టేబుళ్లకు 12 మంది ఉన్నారనుకోండి. మూడు గంటల క్లాసులో మీ చేతులు పనిచేసేది అరగంటే. మరో అరగంట మీరు టేబుల్ మీద పడుకుంటారు, మిగతా రెండు గంటలూ చూస్తూ నిలబడతారు. ‘గవర్నమెంట్ గుర్తింపు’ అంటే బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ సర్టిఫికెట్టా, సంస్థ సొంతంగా అచ్చువేసుకున్నదా? పాత బ్యాచ్ వాళ్లది ఒకటి చూపించమనండి.

ఎవరికి చేయకూడదో నేర్పుతారా అన్నది నా దృష్టిలో అసలు పరీక్ష. ఒక పిక్క మాత్రమే వాచి, ఎర్రగా, వేడిగా ఉంటే దాన్ని నొక్కకూడదు. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, నొక్కితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు. వెంటనే ఆస్పత్రికి పంపాలి. జ్వరం, కొత్త ఆపరేషన్, అదుపులో లేని బీపీ ఉన్నా ఆగాల్సిందే. సుగంధ తైలాలకూ కొలత ఉంది. ఒంటికి రెండు శాతం, అంటే 30 మి.లీ. బేస్ ఆయిల్‌కు (తైలాన్ని కలిపే మామూలు నూనెకు) సుమారు 12 చుక్కలు. ముఖానికి అందులో సగం.

పార్లర్‌లో హెడ్ మసాజ్ చేసిన అలవాటుతో బొటనవేళ్ల మీద బరువు వేస్తే కీళ్లు పట్టేసే ప్రమాదం ఉంది. టేబుల్ పక్కన నిటారుగా నిలబడి చేయి వదిలేస్తే, మూసిన పిడికిలి టేబుల్‌కు ఆనాలి. అదీ ఎత్తు. ఒక కాలు ముందుకు వేసి ఒంటి బరువుతో, ముంజేత్తో నొక్కడం నేర్చుకోవాలి. ఎత్తు మార్చే వీలున్న టేబుళ్లు ఉన్నాయో లేదో అదే రోజు చూసి రండి.

దుబాయ్ గ్యారంటీని ఫీజుతో కలపనివ్వకండి. విదేశీ ఉద్యోగానికి పంపే ఏజెంట్‌కు విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి, ఆ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొట్టి చూడండి. వాళ్లు తీసుకోగల సర్వీసు చార్జీ 30 వేలు, పైన జీఎస్‌టీ, అంతే. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చని చెప్తే ఆ మాటతోనే లేచి వచ్చేయండి.

మీరు చివర్లో రాశారు కానీ, నేను ముందు చూసుకోమనేది మీ చేతుల సంగతే. ఈ ఉద్యోగంలో ప్రతి క్లయింట్‌కు ముందూ వెనకా సబ్బుతో చేతులు కడగాలి. టీట్రీ, లావెండర్ లాంటి నూనెలు కొందరికి అలర్జీ తెస్తాయి. పగుళ్లున్న చేతులతో చేస్తే ఇన్ఫెక్షన్ మీకూ రావొచ్చు, క్లయింట్‌కూ అంటొచ్చు. చర్మ డాక్టర్‌కు చూపించి, పడనిదేదో తేల్చే ప్యాచ్ టెస్ట్ అవసరమా అని అడగండి. ఆయన ఏ సంగతీ చెప్పేదాకా కోర్సుకు అడ్వాన్సు కట్టకండి.