"ఇందాకే వేసుకున్నాగా" అనే అమ్మకు రోజూ మందులు వేయడం

మీ నాన్నగారు మాత్ర చూపించగానే "ఇందాకే వేసుకున్నాగా" అంటున్నారని, పొడి చేసి అన్నంలో కలిపి పెట్టొచ్చా అని అడిగారు. డాక్టర్‌నో ఫార్మసిస్టునో అడగకుండా ఏ మాత్రనీ నూరకండి. నేను అమ్మకు షుగర్ మాత్ర నూరి పెరుగన్నంలో కలిపేదాన్ని. అది ఎస్‌ఆర్ మెట్‌ఫార్మిన్. కొద్దికొద్దిగా కరగాల్సిన మందు నూరితే ఒక్కసారే ఒంట్లోకి పోతుందని మందుల షాపులో చెప్పేదాకా నాకు తెలియదు. ప్యాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు కూడా నూరకూడదు. కొన్నిటికి సిరప్పో, నోట్లో కరిగే మాత్రో దొరుకుతుంది, అడగండి.

అమ్మకు డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని తెలిసి నాలుగేళ్లు. మొదటి ఏడాదంతా వాదించాను. "వేసుకోలేదమ్మా, స్ట్రిప్పు చూడు" అని లెక్క చూపించేదాన్ని. అమ్మ మొహం చిన్నబోయేది. "నాకు మతిపోయిందనుకుంటున్నావా" అని కోపం తెచ్చుకునేది. ఒకరోజు దుప్పట్లు మారుస్తుంటే దిండు గలేబులో 11 మాత్రలు కనబడ్డాయి, సగం కరిగి, గుడ్డకు అంటుకుపోయి. బుగ్గన పెట్టుకుని, నేను అటు తిరగ్గానే తీసి దాచేదన్నమాట. అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

ఇక వాదించడం మానేశాను. నాకూ బీపీ మాత్ర ఉంది. టిఫిన్ అయ్యాక పక్కన కూర్చుని, "రా అమ్మా, ఇద్దరం వేసుకుందాం" అని ముందు నేను మింగుతాను. చాలా రోజులు తనూ మింగేస్తుంది. తర్వాత కాసేపు కబుర్లు చెప్పిస్తాను, బుగ్గన మాత్ర ఉంటే మాటలోనే తెలిసిపోతుంది. వద్దంటే సరేనని లేచిపోతాను. పావుగంటాగి వెళ్తే ఆ వద్దన్న సంగతే గుర్తుండదు. సాయంత్రం అమ్మకు చిరాకెక్కువ, అందుకే డాక్టర్‌తో మాట్లాడి వీలైనవన్నీ పొద్దుటికి మార్పించాం. డిమెన్షియాకు రాత్రి వేసే డోనెపెజిల్ మాత్రతో పీడకలలొచ్చి కేకలేసేది, అదీ పొద్దుటికి మార్చాక నిద్ర కుదుటపడింది.

ఒక్క పొరపాటు మాత్రం మీ ఇంట్లో జరగనివ్వకండి. నేను అమ్మకు గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వేశానని తెలియక తమ్ముడు మళ్లీ వేశాడు. కాసేపటికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. చూస్తే షుగర్ 54. స్పృహలోనే ఉంది కాబట్టి పంచదార నీళ్లు తాగించి ఆసుపత్రికి పరిగెత్తాం. ఇప్పుడు మందుల డబ్బా బీరువాలో, తాళం వేసి ఉంటుంది. వేసినవాళ్లే క్యాలెండర్‌లో టిక్కు పెట్టాలి. వేశామో లేదో అనుమానమొస్తే రెండోసారి వేయం, డాక్టర్‌కు ఫోన్ చేస్తాం.

డిమెన్షియా మాత్ర బొత్తిగా మింగకపోతే, దాని బదులు రివాస్టిగ్మిన్ ప్యాచ్ (ఒంటికి అంటించే మందు పట్టీ) కుదురుతుందేమో డాక్టర్‌ను కనుక్కోండి. చెయ్యి అందకుండా వీపు పైభాగాన అంటించొచ్చు. పాతది తీశాకే కొత్తది వేయాలి, రోజూ చోటు మార్చాలి.