ఇంటి లోను నోటీసు వచ్చింది, ఏ లాయర్ని పెట్టుకోవాలి?

ప్రశ్న: మాది నరసన్నపేట. ఇల్లు నా పేరు మీద ఉంది, లోను నాదీ మా ఆయనదీ కలిపి. ఆయన పని పోయి ఐదు నెలలుగా ఈఎంఐ కట్టలేదు. మొత్తం 18 లక్షలు 60 రోజుల్లో కట్టమని బ్యాంకు నోటీసు పంపి మూడు వారాలైంది. తెలిసినాయన ఒకరు 40 వేలిస్తే శ్రీకాకుళం కోర్టులో స్టే తెప్పిస్తానంటున్నాడు. లాయర్ని పెట్టుకుంటే ఇల్లు దక్కుతుందా?

జవాబు: ముందు ఆ 40 వేలు ఇవ్వకండమ్మా. మీకొచ్చింది 2002 నాటి సర్ఫేసీ చట్టం (కోర్టుకెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం) సెక్షన్ 13(2) నోటీసు. ఈ వ్యవహారంలో సివిల్ కోర్టు స్టే ఇవ్వకుండా అదే చట్టంలో సెక్షన్ 34 అడ్డుంది. మోసం లాంటి అరుదైన కేసుల్లో తప్ప అక్కడ వేసిన దావా నిలవదు. మీరు వెళ్లాల్సింది బ్యాంకు బాకీల ట్రిబ్యునలైన విశాఖపట్నం డీఆర్‌టీకి, అది కూడా ఇప్పుడే కాదు. 60 రోజులు గడిచాక బ్యాంకు 13(4) కింద ఇల్లు స్వాధీనం చేసుకుంటున్నట్టు నోటీసు అంటిస్తుంది చూడండి, అప్పటి నుంచి 45 రోజుల్లోపు అక్కడ ఎస్.ఏ. (బ్యాంకు చర్యను సవాలు చేసే అర్జీ) వేయాలి.

మరి అందాకా ఊరుకోవాలా అంటే, అసలు పని ఇప్పుడే ఉంది. ఈ నోటీసుకు మీరు రాతపూర్వకంగా అభ్యంతరం పంపితే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. చాలాసార్లు నాలుగు ముక్కల్లో కుదరదని రాసేస్తారు, ఆ జవాబు మీదే డీఆర్‌టీకి వెళ్లడానికీ లేదు, అయినా రేపు ఎస్.ఏ. వేసినప్పుడు ఆ కాగితం మీకు పనికొస్తుంది. పని పోయిందనడానికి రుజువు జతచేసి, నెలకు ఎంత కట్టగలరో నిజం రాయండి. ఆగిన వాయిదాలు, వాటి వడ్డీ, ఛార్జీలు కలిపి ఎంతో రాసిమ్మనండి, అది పూర్తిగా కడితే ఖాతాను మళ్లీ మామూలు ఖాతాగా మారుస్తారా అని కూడా అడగండి. బంగారం పెట్టో, చుట్టాల దగ్గర తెచ్చో ఆ బకాయి తీర్చే దారుంటే లాయర్ ఫీజు కంటే ముందు అది కట్టండి. లాయర్నై ఉండి ఈ మాట చెబుతున్నానంటే అర్థం చేసుకోండి.

బ్యాంకుకు పంపే ఈ అభ్యంతరం శ్రీకాకుళంలో ఏ మంచి లాయరైనా రాసిపెడతారు. ఎస్.ఏ.కి మాత్రం విశాఖ డీఆర్‌టీలో రోజూ నిలబడే మనిషి కావాలి. ఈమధ్య అప్పు తీసుకున్నవాళ్ల తరఫున ఎన్ని వేశారు, మీ బ్యాంకు ప్యానెల్లో (బ్యాంకు తరఫు లాయర్ల జాబితాలో) ఉన్నారా, అభ్యంతరానికెంత, ఎస్.ఏ.కెంత, కేసు వాయిదాకెంత అని మొహమాటపడకుండా అడిగి రసీదు తీసుకోండి. 18 లక్షల బాకీకి ట్రిబ్యునల్ ఫీజు 7,000 రూపాయలు, అది లాయర్ ఫీజులో కలిసిందో లేదో తేల్చుకోండి. ఇల్లు నిలిస్తే ఇంత శాతం అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి, బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని ఒప్పుకోవు. ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం చేయొద్దు.

ఇంకోటి, మీరు ఆడవారు కాబట్టి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు, ట్రిబ్యునల్ కేసులకూ అది వర్తిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

ఇల్లు దక్కుతుందా అన్నారు. లాయర్ వల్ల 18 లక్షల బాకీ మాయం కాదు. నోటీసు ఇద్దరికీ అందిందా, వేలానికి ముందు 30 రోజుల గడువిచ్చారా, ఇంటి విలువ సరిగ్గా కట్టారా, వేలం ప్రకటన రెండు పేపర్లలో వేశారా, అందులో ఒకటి తెలుగుదేనా అని వెతికి, తప్పు దొరికితే వేలం ఆపించగలరు. స్టే ఇచ్చినా కొంత సొమ్ము కట్టమనే షరతు మామూలుగా ఉంటుంది. 2016 సవరణ తర్వాత మొత్తం బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు వేలం ప్రకటన పేపర్లో పడేదాకానే, వేలం రోజు దాకా కాదు. ఆ తేడా తెలియక ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

పోస్టు వస్తే వెనక్కి పంపకండి, తలుపుకు అంటించి పేపర్లో వేసినా అందినట్టే లెక్క. నోటీసు, దాని కవరు, లోను అగ్రిమెంటు, ఖాతా స్టేట్‌మెంటు జిరాక్సులు ఈ వారంలోనే లాయర్‌కి చూపించండి. మీ ఆయన పని వెతుక్కుంటూ బయటి ఊళ్లో ఉంటే ఇద్దరి తరఫునా ఎస్.ఏ. వేసేటప్పుడు వకాలత్ మీద ఆయన సంతకం కూడా కావాలి, ముందే పిలిపించుకోండి.