ఇంగ్లీష్‌లో ఏ మాట పక్కన ఏ మాట రావాలో ఎలా తెలుస్తుంది?

"గ్రామర్ సరిగ్గానే ఉంటుంది, అర్థమూ తెలుస్తుంది, అయినా నా ఇంగ్లీష్ వింతగా ఉందంటారు. 'హెవీ రెయిన్' అనాలి, 'స్ట్రాంగ్ రెయిన్' అనకూడదని ఏ రూల్ చెబుతుంది?" అని అడిగారు.

రూలంటూ ఏమీ లేదండీ, ఉన్నదంతా వాడుకే. మనం కుండపోత వాన అంటాం, ఈదురుగాలి అంటాం. కుండపోత గాలి అని ఎవరూ అనరు కదా. ఇంగ్లీష్‌లోనూ వాన 'హెవీ', గాలి 'స్ట్రాంగ్'. ఇలా కలిసి తిరిగే మాటల్ని కొలొకేషన్లు అంటారు. నేర్చుకునేవాళ్లకు ఇవి కొరకరాని కొయ్యలని చాలాకాలంగా తెలిసిందే. జపాన్‌లో ఇంగ్లీష్ బోధన మీద పనిచేసిన హెరాల్డ్ పామర్ 1933లోనే వీటి మీద ఒక నివేదిక తెచ్చారు. కాబట్టి ఇది మీ ఒక్కరి ఇబ్బంది కాదు.

నా ఉద్యోగంలో ఇతరులు రాసిన ఇంగ్లీష్ రిపోర్టులు, మెయిళ్లు సరిదిద్దుతుంటాను. అక్కడ నేను ఎక్కువగా మార్చేది క్రియనే. నామవాచకం చక్కగా ఎంచుకుంటారు, దానికి క్రియ మాత్రం తెలుగులోంచి తెచ్చి తగిలిస్తారు. ఫోటో తీసేటప్పుడు 'టేక్' సరిపోతుంది. లైట్ వేసేటప్పుడు ఉత్త 'పుట్' కుదరదు, 'టర్న్ ఆన్' లాంటిది కావాలి. అందుకే కొత్త నామవాచకం ఎదురైనప్పుడల్లా దాని అర్థంతో ఆగిపోకుండా, ఏ క్రియతో వచ్చిందో కూడా చూడండి.

ఇక్కడ బట్టీ పడితే సరిపోదు, ఎందుకంటే క్రియ మారితే సందర్భమే మారిపోతుంది. 'రిస్క్' సంగతే తీసుకోండి. తెలిసి, తెగించి ముందుకు వెళ్తే 'టేక్ ఏ రిస్క్'. కోరుకోకపోయినా, మనం చేసిన పని వల్లో చేయని పని వల్లో ప్రమాదం పొంచి ఉంటే 'రన్ ద రిస్క్': "ఇఫ్ యూ డోంట్ సేవ్ ద ఫైల్, యూ రన్ ద రిస్క్ ఆఫ్ లూజింగ్ ఇట్." ఇక్కడ 'టేక్' పెడితే ఆ మనిషి కావాలనే తెగించాడన్న భావం వస్తుంది. రిపోర్టులో అది పెద్ద తేడానే.

'డెసిషన్' కూడా అంతే. మామూలుగా 'మేక్', బ్రిటిష్ వాడుకలో 'టేక్' కూడా వినిపిస్తుంది. కమిటీ చాలాసేపు చర్చించి తేల్చిందంటే 'రీచ్'. పై కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేస్తే 'ఓవర్‌టర్న్'. అలాగే మనిషి 'ఆస్క్స్ ఏ క్వశ్చన్', కానీ ఒక నివేదిక చదివాక అనుమానాలు పుడితే ఆ నివేదిక 'రైజెస్ క్వశ్చన్స్'.

'కాజ్' విషయంలో మరీ జాగ్రత్త. 'డ్యామేజ్', 'డిలే', 'ప్రాబ్లమ్', అంటే ఎక్కువగా చెడు సంగతులతోనే తిరుగుతుందది. 'కాజ్ హ్యాపీనెస్' అని రాస్తే చదివేవాళ్లు ఒక్క క్షణం ఆగిపోతారు. 'బ్రింగ్' అంటే హాయిగా ఉంటుంది.

'వెరీ' బదులు వాడే మాటల గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. 'హైలీ అన్‌లైక్లీ', 'డీప్లీ గ్రేట్‌ఫుల్', 'బిటర్లీ డిసపాయింటెడ్' లాంటివి చదవగా చదవగా పట్టుబడతాయి.

ఇక అనుమానం తీర్చుకోవడానికి నేను డిక్షనరీ కన్నా ముందు కార్పస్ చూస్తాను. కార్పస్ అంటే నిజంగా జనం రాసిన, మాట్లాడిన వాక్యాల భండారం. బ్రిటిష్ నేషనల్ కార్పస్‌లో దాదాపు 10 కోట్ల పదాలున్నాయి, ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు. మాట కొట్టగానే వచ్చే అంకె చూసి సరిపెట్టుకోకండి. నాలుగైదు వాక్యాలు తెరిచి, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో చదవండి. నచ్చిన వాక్యాన్ని పూర్తిగా నోట్‌బుక్‌లో ఎక్కించండి. రెండు మాటలే విడిగా రాసుకుంటే వారం తిరిగేసరికి వాటి సందర్భం గుర్తుండదు.

పరీక్షలోనో అర్జెంటు మెయిల్‌లోనో వెతికే టైమ్ లేకపోతే జంట జోలికి పోకండి. 'డెసిషన్' ముందు ఏం రావాలో తట్టకపోతే 'వీ డిసైడెడ్' అని రాసేయండి. అందులో తప్పుపట్టడానికేమీ ఉండదు.